పాట కట్టి పాడిన మాహ్ లఖా బాయి

చార్మినారు కడనుండి పడమరగా లాడ్ బజారులోని గాజుల అంగళ్లను దాటి, 1892లో కట్టిన మహబూబ్ చౌకు గడియారపు స్తంభము ప్రక్కగా కొంతదూరము నడచినచో హుస్సేనీ ఆలం అను పేట వచ్చును. ఆలము అనగా మొహర్రము దినములలో నిలిపెడు ధ్వజము. తెలంగాణపు పల్లెలలో మనవారు పీరు అని పిలిచి చేతులు మోడ్చునది దానినే. ఆ ధ్వజమును బట్టియే పేటకు ఆ పేరు కలిగినది. పైగా ప్రభువులలో నొకరగు ఖుర్షీద్ జా గారి దేవిడీ ఇక్కడనే యున్నది. దొరల దేశపు పద్ధతిని ఎత్తైన స్తంభములతో కట్టిన ఆ మేడ చాలకాలము శిథిలమై పడియుండినది. దాని చెంతనే ప్రభుత్వ మహిళా కళాశాల కలదు. ఒకప్పుడు పరదాల వెనుకనుండి తప్ప స్త్రీలు వీథిని చూడని ఈ పేటలో, నేడు మధ్యాహ్నము గంట కొట్టగానే బాలికలు పుస్తకములు చంకబెట్టుకొని గుంపులు గుంపులుగా వెలుపలికి వచ్చుచుందురు.

మేము ఆ దారిని పోయిన దినమున అట్టి గుంపు నొకదానిని నిలిపి, "అమ్మాయిలూ, మాహ్ లఖా బాయి ఎవరో మీకు తెలియునా?" అని యడిగితిమి. ముగ్గురు తలలూపి నవ్విరి. నాలుగవ బాలిక మాత్రము, "మా నానీ చెప్పేదండీ, మౌలాలి గుట్ట కింద గోరీ ఉన్న చందా బీబీయే కదా? పాటలు పాడేదట" అన్నది. "పాడుటయే కాదు తల్లీ, ఆ పాటలు తానే కట్టినది. పుస్తకముగా కూర్చి తేదీ వేసి పెట్టినది" అని మేము చెప్పగా, ఆ బిడ్డ కన్నులు పెద్దవి చేసి, "తనే రాసిందా?" అని మరల నడిగినది. ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. ఈ వ్యాసమునకు అదియే మూలము.

మొదటనే ఒక మాట విన్నవింపవలసియున్నది. మాహ్ లఖా బాయి కులస్త్రీ గాదు. దర్బారులో ఆడి పాడి బ్రదికిన తవాయఫు. మన భాషలో చెప్పినచో సాని. గృహిణులు చదువు పత్రికలో ఇట్టి యామె చరిత్ర యేల అని మొగము ముడుచు సోదరీమణులు ఇప్పటికిని కొందరుందురు. వారిపై మాకు కోపము లేదు, ఏలయన మా యింటను అట్లే యుండినది. మా అమ్మమ్మగారు వంటయింట పప్పు రుబ్బుచు క్షేత్రయ్య పద మొకటి కూనిరాగము తీయుచు, తాతగారి చెప్పుల చప్పుడు వినబడగానే టక్కున ఆపివేసెడివారు. ఆ పదము ఆమెకు ఎవరు నేర్పిరో మే మెన్నడు నడుగలేదు. పెండ్లిండ్లలో మేళము వచ్చినప్పుడు తలుపు సందునుండి విని నేర్చియుందురని ఇప్పుడు తోచుచున్నది. కులస్త్రీలకు పాట కూడదనియు, పాట యున్నవారికి సంసారము కూడదనియు రెండు దిక్కుల గోడలు కట్టిన కాలమది. ఆ గోడల నడుమ ఎన్ని గొంతులు మూగవోయినవో యెవరు లెక్కింపగలరు!

తెలుగునాట ఈ వివాద మొకమారు బహిరంగముగా జరిగినది. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమునందలి ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి ప్రకటించిరి. ఆ గ్రంథము అశ్లీలమని ఆక్షేపణలు పుట్టి, ప్రభుత్వము ప్రతులను పట్టుకొని నిషేధించినది. ప్రకాశము పంతులుగారి కాలమున, 1947లో, ఆ నిషేధము తొలగినది. నాగరత్నమ్మగారు తామును దేవదాసి కుటుంబమున పుట్టినవారే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన పుణ్యాత్మురాలు. ఒక స్త్రీ వ్రాసిన పుస్తకము మరియొక స్త్రీ చేత బడినందుననే నిలిచినది. హైదరాబాదు చందాకు అట్టి నాగరత్నమ్మ దొరకలేదు. ఆమె తన పనిని తానే చేసికొనవలసివచ్చినది.

చందా 1768లో పుట్టినది. తల్లి రాజ్ కువర్. ఆ తల్లి కథయు, అంతకు ముందు అమ్మమ్మ కథయు వినదగినవి. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ అను చరిత్రకారుడు పారసీకములో వ్రాసిన మాహ్ నామా అను గ్రంథమునందు అవి కలవు. అమ్మమ్మ గుజరాతు దేశమున గౌరవముగల సంసారములోనిదే. మగడు ప్రభుత్వపు సొమ్ము విషయమున చిక్కుపడి, ఇల్లు విడిచి పారిపోయెను. చేత చిల్లిగవ్వ లేక, పిల్లల నెత్తుకొని ఆమె ఊరు విడిచినది. దారిలో ఆ కుటుంబమునకు ఆశ్రయమిచ్చినవారు భగతియాలనెడి ఆటపాటలవారు. ఆడుబిడ్డలు వారికడ సంగీతము, నృత్యము నేర్చిరి. అటుపిమ్మట దక్కను దారి పట్టి, నిజాము సైన్యముల వెంట ఔరంగాబాదునకును, అక్కడనుండి హైదరాబాదునకును చేరిరి. పారిపోయిన మగనిని ఎవరును సాని యనలేదు. అతడు విడిచిన బిడ్డలకే ఆ పేరు వచ్చినది.

రాజ్ కువర్ అక్క మెహతాబ్‌కు నిజాము దివాను రుక్నుద్దౌలా ఆదరము లభించినది. ఆమెకు సంతానము లేదు. చెల్లెలి బిడ్డను తన బిడ్డగా తెచ్చుకొని పెంచినది. ఈ పెంపకమే చందా భాగ్యము. దివాను కొలువుతో సంబంధము గల యిల్లు. ఆ యింట పుస్తకములు రాసులు. పండితులు, కవులు, గాయకులు వచ్చిపోవుచుండెడి చావడి. కులీనుల బిడ్డలు జనానాలో ఖురాను చదివి, కుట్టుపని నేర్చి ఊరకుండు కాలమున, ఈ పిల్ల పారసీకము, ఉర్దూ, ఛందస్సు, సంగీతము నేర్చినది. అంతటితో తనివి తీరక గుఱ్ఱపుస్వారియు విలువిద్యయు అభ్యసించినది. పదునాలుగేండ్ల ప్రాయమునాటికే ఆ రెంటను ఆరితేరినదట. రెండవ నిజాము, అనగా నిజాం అలీ ఖాన్, మూడు దండయాత్రలకు ఆమెను వెంట తీసికొనిపోయెను. పురుషవేషమున, ధనుస్సు ధరించి, గుఱ్ఱమెక్కి ఆమె సేనతో నడచినది.

సంగీతమున ఆమె గురువు ఖుష్ హాల్ ఖాన్ అనూప్. ఆయన వంశము తాన్సేనును చేరును. ఉత్తరదేశమున మొగలు పాదుషాల ఐశ్వర్యము సన్నగిల్లగా, అక్కడి కలావంతులు పొట్ట చేతబట్టుకొని దక్కనుకు వచ్చిన దినములవి. అట్లు వచ్చిన యొక మహావిద్వాంసుని విద్య ఈ నగరమున ఒక ఆడుపిల్లకు అందినది. ఆయన రాగములనుగూర్చి గ్రంథరచనయు చేసెను. కవిత్వమునందో, ఔరంగాబాదు వాడైన సిరాజ్ గజళ్ల ప్రభావము ఆమెపై మిక్కుటము. సిరాజ్ అనగా దీపము. ఆయన 1763లోనే గతించెను గాన ఆమె ఆయనను చూడలేదు, పద్యములను మాత్రమే చూచినది.

ఇక ఆమె కట్టిన పాటల విషయము. గజలు అనునది మన పాఠికలకు రేడియోలో వినుట చేతనో సినిమాల చేతనో పరిచితమే గాని, దాని కట్టు ఎట్టిదో కొంచెము చెప్పుదుము. ఒక్కొక్క రెండు పాదముల పద్యమును షేరందురు. అది మన ముక్తకము వలె తనకు తానే పూర్తియైనది, ముందు వెనుకల కథతో పని లేదు. పల్లవిలో వచ్చిన పదమే ప్రతి షేరు తుదను మరల వచ్చును. శతకమునకు మకుట మెట్లో గజలుకు రదీఫు అట్లు. దానికి ముందు అంత్యప్రాస యొకటి నియతము. కడపటి షేరులో కవి తన పేరును పొదుగవలెను. త్యాగయ్యగారి కీర్తన చివర త్యాగరాజ యనునట్లు, క్షేత్రయ్య మువ్వగోపాల యనునట్లు, ఈమె చందా యని ముద్ర వేసినది. ఆమె ముద్రతో పాటు అదే తావున హజరత్ అలీని తలచుకొనుట ఆమె నియమము. గజలు తొలినుండి ప్రేమ, విరహము, మధుపాత్ర, తోట, బుల్బులు. తుదకు వచ్చుసరికి మౌలా అలీ పాదముల చెంత శరణు. శృంగారముగా మొదలై భక్తిలో ముగియు ఈ నడక పదములను, జావళీలను ఎరిగిన మనకు కొత్తది గాదు.

ఒక విశేషము మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఉర్దూ గజలులో మాటలాడువాడు పురుషుడు. క్రియలు పుంలింగమున నుండుట సంప్రదాయము. స్త్రీల పలుకుబడితో రేఖ్తీ అనెడి మరియొక రచనాపద్ధతి యుండెడిది గాని, దానిని ప్రచారమునకు తెచ్చినవారు మగవారు, అదియు చాలవరకు వేడుకకొరకు. చందా ఆ దారి త్రొక్కలేదు. పెద్ద కవులు వ్రాసిన గజలునే, వారి భాషలోనే, వారి క్రియాపదములతోనే వ్రాసినది. అనగా కాగితముపై ఆమె పురుషుని గొంతుతో మాటలాడినది. సభలో మాత్రము ఆ మాటలను పట్టుపావడ కట్టిన స్త్రీ తన కంఠముతో పాడి, తన హస్తములతో అభినయించినది. అప్పుడు ఎవరు ఎవరికొరకు విరహపడుచున్నట్లు? వినుచున్న నవాబులు ఎన్ని విధములుగా అర్థము చేసికొనియుందురో! కవి వేరు, గాయని వేరు, నర్తకి వేరుగా నున్నచో ఈ చమత్కారము కలుగదు. పాట కట్టినవారే పాడుటలోని లాభమిది.

1798లో ఆమె తన గజళ్ల నన్నింటిని ఒక దీవానుగా కూర్చినది. దీవాననగా కవి గజళ్లను ప్రాసాక్షరముల క్రమమున పేర్చిన సంపుటము. అది లేనివానిని పూర్తి కవిగా లెక్కింపరు. అందు 125 గజళ్లు కలవు. ప్రతి గజలునకు ఐదేసి షేరులు. ఐదును ఐదుచే, మరల ఐదుచే హెచ్చించిన 125 వచ్చును. ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్ అను ఐదుగురను పూజ్యులుగా తలచు సంప్రదాయమునుబట్టి ఆమె యీ సంఖ్యను ఎన్నుకొన్నదని పరిశోధకులు తలంతురు. పీర్ల పండుగనాడు ఐదువ్రేళ్ల పంజాను చూచిన మనకు ఆ మాట సులభముగనే బోధపడును. హుస్సేనీ ఆలం వీథిలో నిలుచుండి ఆలోచించునప్పుడు అది మరింత సులభము.

మరుసటి సంవత్సరము, 1799 అక్టోబరులో, ఆ పుస్తకమునకు ఒక ప్రయాణము ప్రాప్తించినది. కెప్టెను జాన్ మాల్కం అను ఆంగ్ల యుద్యోగి హైదరాబాదునకు వచ్చియుండెను. ఆయన కొరకు ఏర్పాటైన సభలో చందా ముఖ్యనర్తకి. ఆట నడుమ ఆమె తన దీవాను ప్రతిని ఆయనకు నజరానాగా సమర్పించినది. ఆ సంగతియు, ఆమె అసాధారణ స్త్రీ యనియు పుస్తకపు అట్ట వెనుక ఇంగ్లీషులో వ్రాసి యున్నది. మాల్కం తరువాత బొంబాయి గవర్నరు అయ్యెను. ఆ ప్రతి నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో నున్నది.

దీనిని ఎట్లు తలంపవలెను? సొమ్ములిచ్చుట, శాలువ కప్పుట దర్బారు మర్యాద. ఆడునది బహుమతి నందుకొనునదే గాని ఇచ్చునది కాదు. ఈమె ఆటనాపి తాను వ్రాసిన పుస్తకమును చేతికిచ్చినది. "నేను చూడదగినదానను మాత్రమే కాను, చదువదగినదానను" అని చెప్పినట్లు మాకు తోచుచున్నది. ఇది మా యూహయే. ఆమె మనస్సు ఆమెకు తెలియును. తెల్లవారి బలము పెరుగుచున్న దినములలో రాజకీయజ్ఞానము గల స్త్రీ చేసిన యుపాయము కూడ కావచ్చును. 1798లోనే నిజాము ఇంగ్లీషువారితో సంధి చేసికొని, ఫ్రెంచివారి సైన్యమును విడిచిపెట్టియుండెను.

ఈ సందర్భమున దూరదేశపు గాయని యొకతె మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. అమెరికాలో టెన్నెసీ కొండసీమలో 1946లో పండ్రెండుగురు పిల్లల బీదయింట పుట్టిన డాలీ పార్టన్. ఆ సీమలో రైతుల యిండ్లలో పుట్టి పెరిగిన పాటలను కంట్రీ సంగీత మందురు. ఆమె తన పాటలను తానే కట్టి పాడి, కంట్రీ వారికిని, పట్టణపు పాపు సంగీతపు వారికిని సమముగా ప్రియురాలైనది. 1974లో వెలువడిన ఆమె పాట ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ. దానిని ఎల్విస్ ప్రెస్లీ పాడుటకు ఇష్టపడెను. అంతటివాడు పాడుట ఎవరికైనను మహాభాగ్యము. కాని పాటపై హక్కులో సగము తమకు వ్రాసియిమ్మని అతని మేనేజరు కోరెను. ఆమె రాత్రియంతయు ఏడ్చి, మరునాడు వలదన్నది. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాటను సినిమాలో పాడగా లోకమంతయు మారుమ్రోగినది. హక్కు చేతిలో నున్నందున ఫలమును ఆమెకే దక్కినది. ఆ ధనముతోనే యనలేము గాని, 1995నుండి ఆమె పసిపిల్లలకు నెలనెల పుస్తకములు ఉచితముగా పంపు కార్యమును నడపుచున్నది.

చందా కాలమున పాటపై హక్కును కాపాడు శాసనము లేదు. ముద్రయే శాసనము. చివరి షేరులో పేరు లేనిచో పాట ఎవరిదైనను కావచ్చును. అందుచే ఆమె పేరు నిలిచినది, మాట నిలిచినది. నిలువనిది స్వరము. కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కంపెనీ వారికి పాడి, పాట చివర తన పేరు తానే చెప్పుకొన్నది 1902లో. చందా అంతకు డెబ్బదియెనిమిదేండ్ల ముందే కన్నుమూసినది. ఏ గజలును ఏ రాగమున ఎత్తుకొన్నదో, ఎక్కడ నిలిపి ఎక్కడ విడిచినదో ఆమె సభలతోనే పోయినది.

ఆమె వైభవము చిన్నది గాదు. మాహ్ లఖా, అనగా చంద్రవదన, అను బిరుదము దర్బారు నుండి వచ్చినది. ఉమరాలలో స్థానము, జాగీర్లు, ఆమె వెడలినచో వెంట నైదువందల సైనికులు. దివాను పదవి వహించిన మీర్ ఆలం, ఆ పేరిటి చెరువు మనకు తెలిసినదే, ఆమె సౌందర్యమును వర్ణించుచు పారసీకమున కావ్యము వ్రాసెను. మహారాజా చందూలాల్ కాలపు కవిసభలలోను ఆమెకు పీట యుండెను. అడిక్ మెట్టు ఆమె జాగీర్లలో నొకటి. నేటి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములో ఆమె పేరిటి మెట్లబావి యొకటి యున్నది. ఇటీవలి సంవత్సరములలో పూడిక తీసి దానిని బాగుచేసిరి. వేలకొలది ఆడుబిడ్డలు డిగ్రీలు పుచ్చుకొనెడి నేలలో కొంత ఒకప్పుడు ఆమె పాటకు వచ్చిన బహుమతి యన్నమాట!

ఈ వైభవమును చూచి మురిసిపోవలెనని మా యుద్దేశము గాదు. ఆ జాగీర్ల పంట పండించినవారు రైతులు. ఆ గౌరవము నవాబుల కటాక్షముపై నిలిచినది. కటాక్షము తప్పిన తవాయఫులు ఆ కాలముననే యెందరో. ఆమె పెండ్లాడలేదు. పెండ్లి వలదనుకొన్నదో, ఆ కట్టుబాటులో ఆమెకు అది అందనిదియో, మన కాలపు కొలతలతో తీర్పు చెప్పుట తేలిక గాని న్యాయము కాదు. మదరాసు రాజధానిలో ముత్తులక్ష్మీ రెడ్డిగారు మొదలగువారి కృషిచే దేవదాసీ సమర్పణమును నిషేధించు శాసనము 1947లో వచ్చినది. ఎందరో బాలికలకు అది విముక్తి. దానిని మేము మనసారా హర్షింతుము. అయినను ఆ కుటుంబములలో తల్లినుండి కూతునకు వచ్చిన విద్య సిగ్గుపడవలసిన వస్తువుగా మారి, పెట్టెలలోని వ్రాతప్రతులు చెదలపాలైనవి. ఆచారము పోవలసినదే, పాట పోవలసినది కాదు. రెంటిని విడదీయుట అంత సులభము గాకపోయినది.

నాంపల్లిలో ఆమె హవేలీ యుండెను. అచ్చట మూడువందల మంది బాలికలకు ఆమె ఆటపాటలు నేర్పించినదని చెప్పుదురు. ఆ స్థలముననే తరువాత బాలికల పాఠశాల వెలసినదని నగరచరిత్రలు తెలిసినవారి మాట. పుస్తకములన్న ఆమెకు ప్రాణము; మంచి గ్రంథాలయమును కూర్చుకొన్నది. మాహ్ నామాను వ్రాయించినదియు ఆమెయే. దక్కను చరిత్రను వ్రాయింపబూనుట రాజుల పని, ఆ పని ఒక గాయని చేసినది. పైన మేము చెప్పిన అమ్మమ్మ కష్టములు ఆ గ్రంథములో నుండుటకు కారణము ఇప్పుడు తెలియును గదా. తన యింటి స్త్రీలు ఎట్లు ఆ వృత్తికి వచ్చిరో దాచుకొనక వ్రాయించినది.

తల్లి రాజ్ కువర్ 1792లో మరణించగా, మౌలాలి కొండ పాదమున గోరీ కట్టించి, చుట్టును తోట వేయించి, ప్రక్కన మసీదు, బావి నిర్మించినది. హజరత్ అలీ పేరిట వెలసిన కొండ అది. ఏటేట ఉరుసుకు నగరమంతయు కదలిపోవును. 1824లో తాను కన్నుమూయగా ఆ తల్లి ప్రక్కనే ఆమెను పరుండబెట్టిరి. తన ఆస్తి, బంగారము, నగలు దిక్కులేని స్త్రీలకు చెందునట్లు వ్రాసిపెట్టినది. అమ్మమ్మ ఊరు విడిచిన దినమున ఆదుకొనినవారు లేరను మాట ఆమె మరచియుండదు. ఆమె పోయిన యేటనే గుల్జారె మాహ్ లఖా అను పేర ముప్పదితొమ్మిది గజళ్ల సంపుటము వెలువడినది.

ఉర్దూలో దీవాను కూర్చిన మొదటి స్త్రీ యని చిరకాలము ఆమెనే చెప్పుకొనిరి. తరువాత దక్కనులోనిదే యగు లుత్ఫున్నీసా ఇంతియాజ్ అను కవయిత్రి దీవాను బయటపడినది. అది ఒక్క సంవత్సరము ముందటిది. ఇంతియాజ్ గృహిణి, కవియైన అసద్ అలీ ఖాన్ తమన్నా భార్య. మాహ్ లఖాకు మొదటి స్థానము తప్పినదని కొందరు చింతింతురు గాని మాకు సంతోషమే కలిగినది. ఒకే దేశమున, ఏడాది తేడాతో, ఒక సంసారియు ఒక సానియు ఎవరి గదిలో వారు కూర్చుండి ఒకే పని చేసిరి.

మౌలాలి గోరీ చాలకాలము దిక్కులేక పడియుండినది. తోట మాయమై, గోడలు బీటలు వారినవి. దక్కను అధ్యయన కేంద్రము వారు పూనుకొని, అమెరికా ప్రభుత్వపు ధనసహాయముతో మరమ్మతులు చేయించి 2011లో తెరిపించిరి. 2016లో స్కాట్ కూగల్ అను అమెరికా పండితుడు సిరాజ్‌ను, మాహ్ లఖాను కలిపి ఇంగ్లీషులో ఒక పుస్తకము వ్రాసెను. పుస్తకము లండనులో, పరిశోధకుడు అమెరికావాడు, మరమ్మతు సొమ్ము అక్కడిదే. మన వంతు ఏమున్నదని మమ్ము మేము అడుగుకొంటిమి. మెట్లబావిని శుభ్రపరచినవారు మాత్రము మనవారే, అది కొంత ఊరట.

హుస్సేనీ ఆలంలోని ఆ బాలికను మేము మరియొకమారు కలిసికొంటిమి. ఆమెకు ఉర్దూ చదువ వచ్చును, నానీ నేర్పినదట. మేము తెలిసినంత చెప్పుచుండగా నోటుపుస్తకము తెరిచి, 1798, 125, లండను అని మూడు ముక్కలు వ్రాసికొన్నది. "అండీ, ఆ పుస్తకం నకలు తెప్పించుకోవచ్చా? మా ఉర్దూ మేడమ్‌ను అడుగుతాను" అన్నది. అడుగుమంటిమి. తరువాత కొంచెము ఆగి, సిగ్గుపడుచు, "ఆమె ఏ రాగంలో పాడేదో రాసిందా?" అని యడిగినది. లేదంటిమి. "అయితే మేమే ఏదో ఒకటి కట్టుకోవాలి" అని నవ్వి, బస్సు వచ్చుచున్నదని స్నేహితురాండ్రు కేకవేయగా పరుగెత్తిపోయినది.